ముందు స్విచ్, తర్వాతే సర్క్యూట్: బెజవాడ బజార్లో స్టెప్డ్ అటెన్యుయేటర్ లెక్క

సొంతంగా ఆంప్ (ఆంప్లిఫయర్) కట్టుకునేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వాల్యూమ్ కంట్రోల్ మీద విరక్తి పుట్టడం మామూలే. 4440 బోర్డు అయినా, టీడీఏ7294 అయినా, 2ఎన్3055లు వేసి కట్టిన పాత ఆంప్ అయినా సరే, బోర్డు బాగానే పాడుద్ది, దాని ముందున్న డ్యూయల్ గ్యాంగ్ పాట్ (రెండు చానల్స్‌కీ కలిపి ఒకే నాబ్ ఉన్న వాల్యూమ్ కంట్రోల్) మాత్రం కొన్నాళ్ళకే గరగరమంటుంది. రాత్రిపూట ఇంట్లో వాళ్ళు పడుకున్నాక సౌండ్ బాగా తగ్గించి పెట్టుకుంటే ఇంకో సమస్య, ఎడమ స్పీకర్ వినపడుతుంది, కుడిది దాదాపు వినపడదు. ఇది పాట్ చెడిపోయి కాదు, కొత్తది కూడా అంతే. లోపల రెండు కార్బన్ ట్రాక్‌లు ఉంటాయి, అవి రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, మామూలు పాట్‌లలో రెండింటి మధ్య 2, 3 డీబీ (డెసిబెల్) తేడా ఉన్నా కంపెనీ లెక్కలో అది పాసే. పైగా చవక లాగ్ పాట్ (నాబ్ తిప్పేకొద్దీ చెవికి సమానంగా పెరిగినట్టు అనిపించాల్సిన రకం) నిజమైన లాగ్ కాదు, రకరకాల రెసిస్టెన్స్ ఉన్న రెండు మూడు కార్బన్ ముక్కల్ని అతికించి లాగ్ అనిపిస్తారు, ఆ అతుకు రెండు ట్రాక్‌లలోనూ ఒకే చోట పడాలని రూలేం లేదు.

స్టెప్డ్ అటెన్యుయేటర్ ఐడియా ఇక్కడే పుట్టింది. కార్బన్ ట్రాక్ తీసేసి దాని ప్లేస్‌లో విడి రెసిస్టర్లు వరసగా పెట్టి, ఏ జాయింట్ దగ్గర సిగ్నల్ తీసుకోవాలో రోటరీ స్విచ్‌తో ఎంచుకోవడం. 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వాడితే రెండు చానల్స్ మధ్య తేడా సుమారు 0.1 డీబీకి అటూ ఇటూ వచ్చేస్తుంది, అంత తేడా చెవికి తెలీదు. రెసిస్టర్లు రూపాయల్లో దొరికే సరుకు. కాబట్టి మొత్తం కథ స్విచ్ దగ్గరే ఆగిపోతుంది.

చాలామంది చేసే పని ఏంటంటే, ముందు నెట్‌లో ఓ మంచి సర్క్యూట్ చూసి, 24 స్టెప్పుల రెసిస్టర్ వాల్యూలు లెక్క కట్టుకుని, రెసిస్టర్లు కూడా కొనేసి, ఆ తర్వాత స్విచ్ కోసం తిరగడం మొదలెడతారు. ఇది తిరగబడ్డ వరస. 24 పొజిషన్లు, 2 డెక్‌లు (ఒకే షాఫ్ట్ మీద కాంటాక్ట్‌ల పొరలు) ఉన్న స్విచ్ బెజవాడలోనే కాదు, మన దేశంలో ఏ వీధి షాపులోనైనా దొరకడం కష్టమే, అది కౌంటర్ మీద అమ్ముడుపోయే సరుకు కాదు. ఏ స్విచ్ చేతికొస్తుందో అది ముందు తేల్చుకుని, దానికి సరిపడే సర్క్యూట్ వేసుకుంటే ఖర్చు పదోవంతులో పోద్ది, వినికిడిలో ఏమాత్రం తగ్గదు.

ముందు ఆ పెద్ద స్విచ్‌ల సంగతి. స్విట్జర్లాండ్ ఎల్మా కంపెనీ 24 పొజిషన్ స్విచ్ ఈ ఫీల్డ్‌లో అందరూ చెప్పే పేరు, ఒక్కో క్లిక్‌కి 15 డిగ్రీలు తిరుగుతుంది, బంగారు పూత కాంటాక్ట్‌లు. అమెరికా గ్రేహిల్, ఇంగ్లండ్ లోర్లిన్, తైవాన్ ఆల్ఫా కూడా స్విచ్‌లు చేస్తాయి కానీ వాటిలో మామూలుగా కనపడేవి 30 డిగ్రీల క్లిక్ ఉన్న 12 పొజిషన్ల రకాలు. మౌసర్, డిజీకీ లాంటి సైట్లు ఇండియాకి పంపిస్తాయి, కానీ ఒక్క స్విచ్ కోసం ఆర్డర్ పెడితే షిప్పింగూ ట్యాక్సూ కలిపి స్విచ్ ధరని మించిపోవచ్చు, నలుగురు కలిసి పెట్టుకుంటేనే గిట్టుబాటు. ఒకప్పుడు చైనా నుంచి రెసిస్టర్లు కూడా సోల్డర్ చేసేసిన 24 స్టెప్పుల అటెన్యుయేటర్లు అలీఎక్స్‌ప్రెస్‌లో చవకగా వచ్చేవి, 2020 నవంబర్‌లో ఆ యాప్‌ని ఇక్కడ ఆపేశాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు తెప్పించి అమ్మేవాళ్ళ దగ్గర కొన్ని దొరుకుతాయి గానీ రేటు వాళ్ళిష్టం.

ఇక మన బజారు. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు వైపు వెళ్ళి ఎలక్ట్రికల్ షాపులో రోటరీ స్విచ్ అని అడిగితే చేతిలో పెట్టేది కామ్ స్విచ్, అంటే ప్యానెల్ బోర్డుల మీద ఆర్-వై-బి ఫేజ్‌లు మార్చి వోల్ట్‌మీటర్‌లో చూసుకోడానికి పెట్టే సెలెక్టర్, లేదా మోటార్ ఛేంజోవర్. సాల్జర్ లాంటి కంపెనీలవి చాలా గట్టి సరుకే, కానీ అవి ఆంపియర్లలో కరెంటు పోవడానికి చేసినవి. పెద్ద కరెంటు కాంటాక్ట్‌లకి ఓ గుణం ఉంది, వాటి మీద పట్టే సన్నటి ఆక్సైడ్ పొర ఆ కరెంటుకే, ఆ చిన్న స్పార్కుకే కాలిపోయి శుభ్రమవుతుంది. ఆడియో సిగ్నల్ తక్కువ సౌండ్‌లో మిల్లీవోల్టులు, మైక్రోఆంపులు, దానికి ఆ పొరని చీల్చే దమ్ము లేదు. కొత్తలో బానే ఉండి తర్వాత ఓ చానల్ వస్తూ పోతూ ఉంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ స్విచ్, కూలర్ స్విచ్, మిక్సీ స్విచ్ కూడా ఇదే కోవ, పైగా పొజిషన్లు 3 నుంచి 5 మాత్రమే, ఫ్యాన్ రెగ్యులేటర్లలో కొన్నైతే ఒక్కో పొజిషన్‌లో రెండు కాంటాక్ట్‌లని కలిపేస్తాయి, లోపల కెపాసిటర్లని కలుపుకోడానికి అలా చేస్తారు. వాటి జోలికి పోకపోవడం మంచిది.

కావాల్సింది ఎలక్ట్రానిక్ పార్ట్‌లు అమ్మే షాపులో ఉంటుంది, అక్కడ బ్యాండ్ స్విచ్ అని అడగాలి, లేదా సూటిగా 2 పోల్ 6 వే, 1 పోల్ 12 వే అని చెప్పాలి (పోల్ అంటే ఒకేసారి మారే విడి దారి, వే అంటే పొజిషన్). చిన్న ప్లాస్టిక్ బాడీ, వెనకాల గుండ్రంగా 12 కాళ్ళు, మధ్యలో 1 నుంచి 4 కామన్ కాళ్ళు, ముందు 6 మిల్లీమీటర్ల షాఫ్ట్. బ్యాటరీ ఎలిమినేటర్లలో, కాలేజీ ప్రాజెక్ట్ కిట్లలో వాడేది ఇదే. బెజవాడ, గుంటూరు చుట్టూ ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలు ఎక్కువ కాబట్టి స్టూడెంట్ల పుణ్యమా అని ఈ రకం స్విచ్ స్టాక్‌లో ఉండే ఛాన్స్ ఎక్కువ. గుంటూరు వాళ్ళు అక్కడ దొరక్కపోతే వారధి దాటి బెజవాడ వచ్చేస్తారు, ఇక్కడా లేకపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, లేదా పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్. స్విచ్ కోసమే చెన్నై వెళ్ళడం కాస్త అతే, వేరే పనితో వెళ్ళేవాడికి లిస్ట్ ఇచ్చి పంపడం తెలివి.

ఈ 12 కాళ్ళ స్విచ్ లెక్క అర్థమైతే సగం పని అయినట్టే. లోపల ఎప్పుడూ 12 కాంటాక్ట్‌లే, గుండ్రంగా 30 డిగ్రీలకి ఒకటి. ఆ 12ని ఎలా పంచుకున్నారన్నదే మోడల్. ఒకే పోల్ అయితే 12 పొజిషన్లు, 2 పోల్స్ అయితే 6, 3 పోల్స్ అయితే 4, 4 పోల్స్ అయితే 3. అంటే స్టీరియో కావాలి, 12 స్టెప్పులూ కావాలి అంటే ఒక్క డెక్ సరిపోదు, ఒకే షాఫ్ట్ మీద రెండు డెక్‌లు ఉన్నది కావాలి, అదే మన షాపుల్లో దొరకనిది. దొరికేది ఒకే డెక్. కాబట్టి ఉన్న దారులు రెండు, చానల్‌కి ఒకటి చొప్పున రెండు 1 పోల్ 12 వే స్విచ్‌లు, లేదా 2 పోల్ 6 వేతో ఏదో ఒక తెలివి చూపించడం.

ఆ తెలివి గురించి చెప్పేముందు సర్క్యూట్ రకాలు చూడాలి, ఎందుకంటే స్విచ్ తప్పు రకం అయితే స్పీకర్ పోయే అవకాశం కూడా ఉంది. సిరీస్ రకంలో రెసిస్టర్లన్నీ గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి, ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్ దాకా, స్విచ్ ఏదో ఒక కణుపు దగ్గర తాకుతుంది, చానల్‌కి ఒక్క పోల్ చాలు. ల్యాడర్ రకంలో ప్రతి పొజిషన్‌కి విడిగా రెండు రెసిస్టర్ల జత, సిగ్నల్ దారిలో ఎప్పుడూ రెండే రెసిస్టర్లు ఉంటాయని దీన్ని కొందరు పూజిస్తారు, కానీ చానల్‌కి 2 పోల్స్ కావాలి, స్టీరియోకి 4, మన బజారు స్విచ్‌తో 3 స్టెప్పులు వస్తాయి, అంటే పనికిరాదు. సిరీస్ రకంలో సిగ్నల్ పది రెసిస్టర్ల గుండా పోతే సౌండ్ పాడవుతుందనే భయానికి ఆధారం పెద్దగా లేదు, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వేసే నాయిస్ చాలా తక్కువ, మొత్తం రెసిస్టెన్స్ ఎంత అన్నదే నాయిస్‌ని తేలుస్తుంది గానీ ఎన్ని ముక్కలన్నది కాదు.

మూడోది షంట్ రకం. పైన ఒక రెసిస్టర్ ఫిక్స్‌డ్, ఉదాహరణకి 47కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు), కింద గ్రౌండ్‌కి పోయే రెసిస్టర్‌ని మాత్రం స్విచ్ మారుస్తుంది. కట్టడం తేలిక, అందుకే చాలామంది దీన్నే మొదలెడతారు. ప్రమాదం ఎక్కడుందంటే స్విచ్ ఒక కాంటాక్ట్ వదిలి ఇంకోటి పట్టుకునే లోపు గ్యాప్ ఉంటే, ఆ క్షణంలో కింద రెసిస్టర్ అస్సలు లేదు, అంటే సిగ్నల్ ఏమాత్రం తగ్గకుండా ఫుల్ వాల్యూమ్‌లో ఆంప్‌లోకి దూకుతుంది. నాబ్ తిప్పిన ప్రతిసారీ ఠప్ ఠప్ మని ట్వీటర్ మీద దెబ్బ. తగ్గించడానికి తిప్పినా సరే దెబ్బ తప్పదు, అదీ ఇందులో విచిత్రం.

ఈ గ్యాప్ ఉందా లేదా అన్నదాన్నే షార్టింగ్, నాన్ షార్టింగ్ అంటారు. షార్టింగ్ స్విచ్ కొత్త కాంటాక్ట్ పట్టుకున్నాకే పాతది వదులుతుంది, నాన్ షార్టింగ్ ముందు వదిలేసి తర్వాత పట్టుకుంటుంది. షంట్ రకానికి షార్టింగ్ తప్పనిసరి, అప్పుడు మధ్యలో రెండు రెసిస్టర్లు ప్యారలల్ అయ్యి సౌండ్ ఓ క్షణం తగ్గుతుంది అంతే, నష్టం లేదు. బజార్లో దొరికే చవక స్విచ్‌లు ఎక్కువగా నాన్ షార్టింగే, షాపులో అడిగినా చెప్పలేరు, బాడీ మీద రాసి ఉండదు. అందుకని మల్టీమీటర్ జేబులో వేసుకెళ్ళాలి. పక్కపక్కన ఉన్న రెండు కాళ్ళని చిన్న వైరుతో కలిపేసి, మీటర్ ఒక ప్రోబ్ కామన్ కాలికి, రెండోది ఆ కలిపిన కాళ్ళకి పెట్టి, కంటిన్యుటీ బీప్ ఆన్ చేసి, ఆ రెండు పొజిషన్ల మధ్య షాఫ్ట్‌ని మెల్లగా, క్లిక్ పడనీయకుండా పట్టుకుని తిప్పాలి. బీప్ మధ్యలో ఆగితే నాన్ షార్టింగ్, ఆగకపోతే షార్టింగ్. అదే టైంలో ప్రతి పొజిషన్‌లో రెసిస్టెన్స్ కూడా చూసుకోవచ్చు, ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకించినప్పుడు ఎంత చూపిస్తుందో స్విచ్ గుండా కూడా దాదాపు అంతే చూపించాలి, ఏదో ఒక పొజిషన్‌లో నంబర్ ఎగిరెగిరి పడుతుంటే ఆ స్విచ్ వెనక్కిచ్చేయడమే.

సిరీస్ రకానికి మాత్రం నాన్ షార్టింగ్ అయినా ఫరవాలేదు, ఒక జాగ్రత్త తీసుకుంటే. గ్యాప్ వచ్చిన క్షణంలో ఆంప్ ఇన్‌పుట్ గాల్లో వేలాడుతుంది, హమ్ పట్టుకోవచ్చు, డీసీ కదిలి టిక్ మనొచ్చు. స్విచ్ కామన్ కాలి నుంచి గ్రౌండ్‌కి ఒక 1 మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టర్ వేసేస్తే ఇన్‌పుట్ ఎప్పుడూ గ్రౌండ్ పట్టుకునే ఉంటుంది, ఆ క్షణం సౌండ్ ఆగుతుంది అంతే. అయినా గట్టిగా ఠక్ మంటోందంటే సోర్స్ నుంచి డీసీ లీకవుతున్నట్టు, ముందు డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ చూసుకోవాలి, స్విచ్‌ని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు మొదటి దారి, చానల్‌కి ఒక 12 వే. రెండు నాబ్‌లు, ఎడమకి ఒకటి కుడికి ఒకటి, బ్యాలెన్స్ కంట్రోల్ ఫ్రీగా వచ్చినట్టే. కానీ 12 స్టెప్పులు చాలా తక్కువ. అన్నీ సమానంగా 3 డీబీ పెడితే మొత్తం 33 డీబీ రేంజే వస్తుంది, రాత్రిపూట వినడానికి అంత తగ్గుదల చాలదు. ఇక్కడ చూడాల్సిన విషయం ఒకటుంది, డాక్‌లు (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చేవి), సీడీ ప్లేయర్లు ఫుల్ లెవెల్‌లో 2 వోల్టుల దాకా ఇస్తాయి, చాలా ఆంప్‌లకి ఫుల్ పవర్ రావడానికి 1 వోల్ట్ లేదా ఇంకా తక్కువ చాలు. అంటే పై 6 డీబీ ఎప్పుడూ వాడే పనే లేదు, అక్కడ స్టెప్పులు పెట్టడం దండగ. మ్యూట్, తర్వాత మైనస్ 50, 44, 38, అక్కణ్ణుంచి 4 డీబీ చొప్పున 34, 30, 26, 22, 18, 14, 10, 6 అని పెట్టుకుంటే 12 పొజిషన్లు సరిగ్గా సరిపోతాయి. వాడటానికి పనికొస్తుంది, కానీ 4 డీబీ అంటే చెవికి బాగా తెలిసే తేడా, ఒక క్లిక్‌లో చాలట్లేదు అనిపించి ఇంకో క్లిక్ వేస్తే ఎక్కువైంది అనిపించే రకం. పైగా ప్రతిసారీ రెండు నాబ్‌లు సమానంగా తిప్పాలి. కొన్నాళ్ళకి విసుగు రావడం ఖాయం.

రెండో దారే అసలైనది. రెండు 2 పోల్ 6 వే స్విచ్‌లు, రెండూ స్టీరియో, ఒకదాని వెనక ఒకటి. మొదటిది సన్న సర్దుబాటు, 2 డీబీ చొప్పున 0 నుంచి మైనస్ 10 దాకా. రెండోది పెద్ద గేరు, 10 డీబీ చొప్పున 0 నుంచి మైనస్ 40, ఆరో పొజిషన్ గ్రౌండ్‌కి, అంటే మ్యూట్. రెండూ కలిపితే 0 నుంచి మైనస్ 50 దాకా 2 డీబీ స్టెప్పుల్లో 26 లెవెల్స్, ప్లస్ మ్యూట్. స్విట్జర్లాండ్ స్విచ్ ఇచ్చే 24 కంటే రెండు ఎక్కువే, అదీ వీధి చివర షాపులో దొరికే సరుకుతో.

వాల్యూలు కూడా దొరికేవాటితోనే వస్తాయి. మొదటి స్విచ్‌కి ఇన్‌పుట్ నుంచి వరసగా 2కే, 1.6కే, 1.3కే, 1కే, 820 ఓమ్, ఆఖర్న గ్రౌండ్‌కి 3కే, 150 ఓమ్ సిరీస్‌లో. మొత్తం 9.87కే, ఏ స్టెప్ చూసినా లెక్కకీ దీనికీ 0.1 డీబీ లోపే తేడా. రెండో స్విచ్‌కి 50కే గొలుసు, 33కేకి 1.2కే కలిపి, తర్వాత 10కేకి 820 ఓమ్, తర్వాత 3.3కేకి 120 ఓమ్, తర్వాత 1కేకి 82 ఓమ్, ఆఖర్న 470 ఓమ్‌కి 33 ఓమ్. ఇవన్నీ చానల్‌కి ఒక సెట్, అంటే రెండేసి కొనాలి. షాపులో 1.6కే, 1.3కే లేవంటే 1.5కేకి 100 ఓమ్, 1.2కేకి 100 ఓమ్ కలుపుకుంటే సరి, 3కే లేకపోతే ఆ 3కే, 150 రెండింటి బదులు 2.7కే, 330, 120 మూడూ కలిపితే అదే 3.15కే. 5 శాతం కార్బన్ రెసిస్టర్లు అంటగడతారు, తీసుకోవద్దు, 1 శాతం ఎంఎఫ్ఆర్ (మెటల్ ఫిల్మ్) అని గట్టిగా అడగాలి. ఒకవేళ 5 శాతానివే గతి అయితే ఓ యాభై తెచ్చుకుని మీటర్‌తో కొలిచి జతలు కట్టడం కూడా పనిచేస్తుంది, లెక్క ప్రకారం ఉండాలన్నదానికంటే ఎడమా కుడీ ఒకేలా ఉండటమే ఇక్కడ ముఖ్యం.

మొదటిది 10కే, రెండోది 50కే ఎందుకంటే, వెనకది ముందుదాని మీద బరువు పడకూడదు. 10కే గొలుసు బయటికి చూపించే రెసిస్టెన్స్ సగం దగ్గర గరిష్టంగా 2.5కే, దాని మీద 50కే లోడ్ పడితే 0.4 డీబీ తప్పు వస్తుంది, రెండు చానల్స్‌లోనూ ఒకేలా వస్తుంది కాబట్టి పట్టించుకునే పనిలేదు. రెండోది కూడా 10కే పెడితే మాత్రం స్టెప్పుల లెక్కంతా గందరగోళం అయిపోద్ది. రెండోది 500కే పెట్టేసి తప్పు ఇంకా తగ్గిద్దాం అనుకుంటే, అప్పుడు ఆంప్ దాకా పోయే వైరు కెపాసిటెన్స్ పై ఫ్రీక్వెన్సీల్ని తినేస్తుంది. 50కే మధ్యే మార్గం, స్విచ్ ఆంప్ పెట్టెలోనే ఉండి వైరు జానెడు ఉంటే ఇబ్బంది లేదు. సోర్స్ వైపు కనపడే లోడ్ 8కే, 10కే మధ్యలో ఉంటుంది, ఓప్‌ఆంప్ (చిన్న ఆంప్ ఐసీ) అవుట్‌పుట్ ఉన్న డాక్‌కీ ఫోన్‌కీ అది లెక్కలోదే కాదు, వాల్వ్ ప్రీఆంప్ వాడేవాళ్ళు మాత్రం ముందు బఫర్ లేకుండా దీన్ని పెట్టకూడదు.

ఇంకో లాభం, మొదటి స్విచ్ నాన్ షార్టింగ్ అయినా వెనకున్న 50కే గొలుసు దాన్ని గ్రౌండ్‌కి పట్టే ఉంచుతుంది, 1 మెగ్ రెసిస్టర్ రెండో స్విచ్ కామన్‌కి మాత్రం వేస్తే చాలు.

లోపం లేదని కాదు. రెండు నాబ్‌ల లాజిక్ కట్టుకున్నవాడికి సుఖంగానే ఉంటుంది, ఇంట్లో వేరేవాళ్ళకి అర్థం కాదు, పెద్ద నాబ్ ఒక క్లిక్ తిప్పితే 10 డీబీ, అంటే చెవికి సౌండ్ రెట్టింపైనట్టు. పెంచేటప్పుడు ముందు చిన్న నాబ్‌ని కిందికి తెచ్చి తర్వాత పెద్దది ఒక క్లిక్ ఎక్కించాలి, ఇది రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది గానీ టీవీ చూసే అమ్మమ్మకి చెప్పలేం. అలాంటి ఇంట్లో పెద్ద నాబ్‌ని ప్యానెల్ వెనక్కి పెట్టేసి, గదికి సరిపడే చోట ఒకసారి సెట్ చేసి వదిలేసి, ముందు 2 డీబీ నాబ్ ఒక్కటే ఉంచడం మంచి పద్ధతి.

పాత సామాను దారి కూడా ఉంది, ఓపిక ఉన్నవాళ్ళకి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ వాల్వ్ రేడియోల బ్యాండ్ స్విచ్‌లు చూడ్డానికి ఆశ పెడతాయి, రెండు మూడు పొరల వేఫర్లు, పెద్ద షాఫ్ట్, కానీ వాటిలో పోల్స్ ఎక్కువ పొజిషన్లు తక్కువ, మీడియం వేవ్, షార్ట్ వేవ్ ఒకటి, రెండు అని మూడు నాలుగు పొజిషన్లతో అయిపోతాయి, అటెన్యుయేటర్‌కి కావాల్సింది దానికి సరిగ్గా రివర్స్. పనికొచ్చేది కాలేజీ ల్యాబుల స్క్రాప్. డికేడ్ రెసిస్టెన్స్ బాక్స్ అని ఫిజిక్స్, ఎలక్ట్రికల్ ల్యాబుల్లో ఉంటుంది, ఒక్కో బాక్స్‌లో నాలుగైదు రోటరీ స్విచ్‌లు, ఒక్కోటి 0 నుంచి 9 లేదా 10 దాకా పొజిషన్లు, చిన్న సిగ్నల్‌కి సరిపడే మంచి కాంటాక్ట్‌లు. వేలంలో పోయిన బాక్స్ ఏ పాత సామాను కొట్టులోనో కనపడితే వదలకూడదు, ఒక్కదాంట్లోనే ఒక జత స్విచ్‌లు వచ్చేస్తాయి. పాత సీఆర్‌ఓల (ఆసిలోస్కోప్‌ల) వోల్ట్స్ పర్ డివిజన్ స్విచ్ కూడా 10, 12 పొజిషన్లు ఉండేదే, కానీ చాలావాటిలో అది పీసీబీతో కలిపి చేసింది, విడిగా పీకితే ముక్కలవుతుంది.

పాత స్విచ్ కాంటాక్ట్‌లు నల్లగా ఉన్నాయని భయపడక్కర్లేదు, వెండి పూత గాలిలోని సల్ఫర్‌కి అలా నల్లబడుతుంది, పాతిక ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే రాపిడికే చాలావరకు పోద్ది. మిగిలింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో గానీ తుడవాలి. గరుకు కాగితం మాత్రం పెట్టొద్దు, పూత లేచిపోయి కింద ఇత్తడి బయటపడితే మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి ఆ స్విచ్ మళ్ళీ కోలుకోదు.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకో రెండు. 12 వే స్విచ్‌కి స్టాప్ ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే 12 కాంటాక్ట్‌లు గుండ్రంగా పూర్తి చుట్టు, స్టాప్ లేకపోతే మ్యూట్ నుంచి వెనక్కి ఒక్క క్లిక్ తిప్పితే ఫుల్ వాల్యూమ్. చాలా రకాల్లో షాఫ్ట్ కింద చిన్న రింగు ఉంటుంది, దాని ముల్లు ఏ చిల్లులో పెడితే అక్కడ ఆగుద్ది, నట్టు విప్పి చూస్తే కనపడుతుంది, ఆ రింగు పోయిన స్విచ్ ఫ్రీగా ఇచ్చినా వద్దు. రెండోది షాఫ్ట్ సైజు. ఇక్కడి స్విచ్‌లు 6 మిల్లీమీటర్లు, విదేశీ సైట్లలో కొన్న అందమైన అల్యూమినియం నాబ్‌లు కొన్ని పావు అంగుళానికి, అంటే 6.35కి చేసినవి, స్క్రూ బిగిస్తే ఎక్కుతాయి గానీ తిప్పుతుంటే వంకరగా ఊగుతాయి. సోల్డరింగ్‌లో 25 వాట్ల ఐరన్ చాలు, కాలి మీద రెండు మూడు సెకన్లకి మించి పెడితే ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్ట్ వంగిపోద్ది, రెసిస్టర్లని కాలి నుంచి కాలికి నేరుగా వేసుకోవచ్చు, పీసీబీ అక్కర్లేదు.

స్విచ్ గొడవే వద్దనుకునేవాళ్ళకి రిలే అటెన్యుయేటర్ ఉంది, 1, 2, 4, 8, 16, 32 డీబీలకి ఆరు రిలేలు పెడితే 1 డీబీ చొప్పున 63 డీబీ దాకా వస్తుంది, రిమోట్ కూడా పెట్టుకోవచ్చు. కానీ ఆర్డ్యునో, ప్రోగ్రామ్, పవర్ సప్లై అన్నీ కావాలి, పైగా ప్రతి షాపులో దొరికే నీలం రంగు షుగర్ క్యూబ్ రిలే ఇక్కడ పనికిరాదు, కామ్ స్విచ్‌కి చెప్పిన కారణమే దానికీ వర్తిస్తుంది, బంగారు పూత ఉన్న చిన్న సిగ్నల్ రిలేలే కావాలి, మళ్ళీ వాటికోసం ఇంకో వేట.

కట్టడం అయ్యాక ఆంప్‌కి కలిపేముందు చెక్ చేయడానికి ఆసిలోస్కోప్ ఏం అక్కర్లేదు. డీటీ830 లాంటి చవక మీటర్‌లో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచే మొదలవుద్ది కాబట్టి టోన్ పెట్టి కొలవడం కుదరదు, కానీ ఇదంతా వట్టి రెసిస్టర్లే, డీసీకి కూడా అదే లెక్క. ఇన్‌పుట్‌కి ఒక 9 వోల్టుల బ్యాటరీ తగిలించి అవుట్‌పుట్‌లో డీసీ కొలవాలి. రెండు స్విచ్‌లూ 0లో ఉంటే 9 వోల్టులు, పెద్దది ఒక క్లిక్ తగ్గిస్తే 2.85, రెండు క్లిక్‌లకి 0.9, నాలుగో క్లిక్‌కి 90 మిల్లీవోల్టులు. పెద్దది 0లోనే ఉంచి చిన్నది చివరిదాకా తగ్గిస్తే 2.85 బదులు 2.75 వస్తుంది, ఇందాక చెప్పిన లోడ్ తప్పు అదే, కంగారుపడి రెసిస్టర్లు మార్చొద్దు. బ్యాటరీ వాడినది అయితే 9కి బదులు ఎంత ఉందో దానితో హెచ్చవేసుకోవాలి. అదే పొజిషన్‌లో ఎడమకీ కుడికీ రీడింగ్‌లో 2 శాతం కంటే తేడా వస్తే ఆ కణుపు దగ్గర రెసిస్టర్ రంగులు మళ్ళీ చదవాలి, 1 శాతం వాటికి ఐదు గీతలు ఉంటాయి, నీలం బాడీ మీద గోధుమ రంగుకీ ఎరుపుకీ తేడా ట్యూబ్‌లైట్ కింద అస్సలు తెలీదు.